హెడ్‌లైటు కథ: మన దారి, ఎదుటివాడి కళ్ళు

మోటారు సైకిలు కొని నెల తిరక్కుండానే మన కుర్రవాళ్ళు మెకానిక్కు దగ్గరకు వెళ్ళి అడిగే మాట ఒకటుంది. "లైటు చాలడం లేదు, పెద్ద బల్బు వెయ్యండి" అని. బరంపురంలో అడిగినా ఇచ్ఛాపురంలో అడిగినా, ఒడియాలో అడిగినా తెలుగులో అడిగినా కోరిక ఒకటే. ఈ కోరికకు మోటారు సైకిలుకున్నంత వయసు ఉంది. వెలుగు పెరిగిన ప్రతిసారీ ఎదురుగా వచ్చేవాడి కళ్ళ సంగతి కూడా చర్చకు వచ్చింది. ఆ కథే ఈ పూట చెప్పుకుందాం.

గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్న కాలం నుంచి మొదలుపెడదాం. దేశమంతటికీ వర్తించే మొదటి మోటారు వాహనాల చట్టం 1914లో వచ్చింది. అప్పటి మోటారు సైకిళ్ళకు ఎక్కువగా కార్బైడు దీపాలే ఉండేవి. దీపానికి రెండు అరలు. పై అరలో నీళ్ళు, కింది అరలో కార్బైడు గడ్డలు. నీళ్ళు చుక్క చుక్కగా గడ్డల మీద పడితే ఎసిటలీన్ వాయువు పుడుతుంది. దాన్ని అగ్గిపుల్లతో వెలిగిస్తే తెల్లని మంట వచ్చేది. మంట చిన్నదే అయినా దాని వెనుక నున్నటి అద్దం ఉండేది. చెదిరిపోయే వెలుగును పోగుచేసి దారి మీదకు పంపడం దాని పని. సముద్రపు ఒడ్డున దీపస్తంభాలు పనిచేసేదీ ఈ సూత్రం మీదనే. ఫ్రాన్సు దేశస్థుడు ఫ్రెనెల్ తయారుచేసిన కటకాన్ని 1823లో మొదటిసారి దీపస్తంభంలో అమర్చారు. చిన్న దీపం వెలుగు మైళ్ళ దూరంలోని ఓడలకు కనిపించింది. వెలుగు బల్బులో పుడితే పుట్టవచ్చు గాని, దానికి దారి చూపేది అద్దమే.

తరువాత డైనమో వచ్చింది, బ్యాటరీ వచ్చింది. కార్బైడు దీపం మూలపడింది. విద్యుద్దీపం వెలుగు పెరిగేసరికి కొత్త చిక్కు వచ్చిపడింది. ఎదురుబొదురుగా వచ్చే ఇద్దరికీ కళ్ళు కనిపించేవి కావు. దానికి విరుగుడుగా 1920ల మధ్యలో ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు పెట్టారు. ఒకటి దూరానికి, ఇంకొకటి దగ్గరకు. మనం బ్రైటు, డిమ్ము అని పిలుచుకునేవి ఇవే. ఈ డిప్పరు మీట ఎదుటివాడి కోసం పుట్టిందన్న సంగతి గుర్తుంచుకోవాలి.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, బరంపురం అందులో చేరింది. ఆరేళ్ళకే యుద్ధం మన తీరానికి వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ రోజుల్లో తీరప్రాంతాల్లో రాత్రిళ్ళు దీపాలు కప్పివుంచాలని ఆంక్షలుండేవి. బళ్ళ హెడ్‌లైట్లకు తొడుగులు వేసి, సన్నటి సందులోంచి నేల మీదకు మాత్రమే వెలుగు పడేలా చేసేవారు. ఆ తరువాతి కాలంలో హెడ్‌లైటు అద్దం మీద నల్లరంగు పూసిన బళ్ళను మన శ్రోతల్లో పెద్దవారు చూసే ఉంటారు.

స్వతంత్రం వచ్చాక మోటారు సైకిళ్ళు మన దేశంలోనే తయారు కాసాగాయి. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా వెలిసింది. 1960ల మొదట్లో మైసూరు జావా, ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్ వచ్చాయి. వీటిలో చాలా బళ్ళకు ఆరు వోల్టుల విద్యుత్తే. 1985లో యమహా ఆర్‌ఎక్స్ 100, హీరో హోండా సీడీ 100 వచ్చాయి. హెడ్‌లైటు నేరుగా మాగ్నెటో నుంచి వెలిగే బళ్ళు అనేకం ఉండేవి. వాటిలో యాక్సిలరేటరు తిప్పితే వెలుగు, వదిలితే గుడ్డి. నెమ్మదిగా పోవలసిన గతుకుల దగ్గరే దీపం నీరసించేది. పెద్ద బల్బు మీద మోజు పుట్టడంలో ఆశ్చర్యమేముంది?

ఆ మోజుకు హాలోజన్ బల్బు తోడయింది. ఐరోపాలో మోటారు వాహనాలకు 1962లో వచ్చింది. 1971లో రెండు ఫిలమెంట్లతో హెచ్4 అనే రకం వచ్చింది. బ్రైటులో 60 వాట్లు, డిమ్ములో 55. మన బళ్ళలో మామూలుగా ఉండే 35 వాట్ల బల్బు తీసి దీన్ని, కొందరైతే ఏకంగా 100 వాట్ల బల్బును వేయించుకున్నారు.

ఇక్కడ చిన్న లెక్క చూద్దాం. పన్నెండు వోల్టుల బండిలో 35 వాట్ల బల్బు సుమారు మూడు ఆంపియర్ల కరెంటు లాగుతుంది. 100 వాట్లది ఎనిమిదికి పైగా లాగుతుంది. వైరు, స్విచ్చి, హోల్డరు మూడు ఆంపియర్లకు చేసినవి. అంత భారం పడితే వైరు వేడెక్కుతుంది, హోల్డరు కరుగుతుంది, బ్యాటరీ దిగిపోతుంది. పైగా వోల్టేజీ దారిలోనే తగ్గిపోతుంది. బల్బుకు అందే వోల్టేజీ నూటికి పది తగ్గితే వెలుగు ముప్పై దాకా తగ్గుతుంది. అందుకే తెలిసిన మేస్త్రీ బల్బు మార్చేముందు ఎర్తు చూస్తాడు, తుప్పు గీకుతాడు, రిఫ్లెక్టరు మాసిందేమో చూస్తాడు. చాలాసార్లు కొత్త బల్బు అవసరమే పడదు.

1990ల్లో జపానులో ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీ తయారయింది. దాన్నుంచే తెల్లని ఎల్‌ఈడీ దీపం సాధ్యమైంది. ఆ కృషికి 2014లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి దక్కింది. తక్కువ కరెంటుతో ఎక్కువ వెలుగు వస్తుంది కనుక వైరు కరిగే బెడద తగ్గింది. కళ్ళ బెడద మాత్రం తగ్గలేదు. హాలోజన్ బల్బు కోసం చేసిన రిఫ్లెక్టరులో ఎల్‌ఈడీ బల్బు బిగిస్తే, వెలుగు పుట్టే చోటు మారిపోతుంది. అప్పుడు కిరణాలు దారి మీద పడకుండా ఎదుటివాడి ముఖాన పడవచ్చు.

చట్టం ఈ విషయమే చెబుతోంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం, దీపానికి 8 మీటర్ల దూరంలో, నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఉన్న కంటిని అది మిరుమిట్లు గొలపకూడదు. కేంద్ర నిబంధన కనుక ఇచ్ఛాపురం దాటినా, గిరిసోల దాటినా మారదు.

జాతీయ రహదారి నాలుగు వరసలై మధ్య డివైడరు వచ్చాక అక్కడ కొంత నయం. బరంపురం నుంచి ఆస్కా వైపు లోపలి దారుల్లో, తప్తపాని ఘాటు మలుపుల్లో డివైడరు లేని చోట్ల ఎదురుబండి సూటిగా ముఖం మీదకే వస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. మిరుమిట్లు కమ్మిన కళ్ళు తేరుకునేందుకు మూడు సెకన్లు పట్టినా యాభై మీటర్లు గుడ్డిగా పోయినట్టే. ఆ యాభై మీటర్లలో దీపం లేని ఎడ్లబండి ఉండవచ్చు, పొలం నుంచి సైకిలు మీద వచ్చే రైతు ఉండవచ్చు, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం పక్కన పడుకున్న మనిషీ ఉండవచ్చు.

అందుచేత బల్బు మార్చుకున్నవారు ఒక పని చెయ్యండి. చదునైన చోట గోడకు 8 మీటర్ల దూరంలో బండి నిలిపి, ఎక్కి కూర్చుని డిమ్ము వెయ్యండి. గోడ మీద పడిన వెలుగు పై అంచు మీ హెడ్‌లైటు ఎత్తుకు దిగువనే ఉండాలి. పైకి పోతే స్క్రూ తిప్పి వంచండి. ఎంత తిప్పినా వెలుగు చెదిరిపోతూనే ఉంటే, ఆ బల్బు మీ డూముకు సరిపడదని తెలుసుకుని తీసెయ్యండి. బండి వెనుక ఇద్దరు కూర్చుంటే ముందు భాగం లేస్తుంది, వెలుగూ పైకి లేస్తుంది. అప్పుడు మరోసారి సరిచూసుకోండి. ఎదురుగా బండి కనబడగానే డిప్పరు నొక్కడం మరవకండి.