అటకెక్కిన గిటార్ చెప్పిన సాక్ష్యం

1965 జులై 25, ఆదివారం రాత్రి. అమెరికాలోని రోడ్ ఐలాండ్ రాష్ట్రం, న్యూపోర్ట్ ఊరు. ఏటేటా జరిగే జానపద సంగీతోత్సవం కిక్కిరిసిపోయింది. జనమంతా 24 ఏళ్ల బాబ్ డిలాన్ కోసం చూస్తున్నారు. మెడలో మౌతార్గాన్, భుజాన మామూలు చెక్క గిటార్, నోట నిలదీసే పాట. వాళ్లకు తెలిసిన డిలాన్ అది.

వచ్చినవాడు వేరేలా ఉన్నాడు. ఒంటి మీద నల్ల తోలు జాకెట్, చేతిలో కరెంటు గిటార్. ఫెండర్ కంపెనీ వాళ్ల స్ట్రాటోకాస్టర్, అంచుల్లో ముదురుగా, నడుమ పసుపుగా మెరిసే సన్‌బర్స్ట్ రంగుది. వెనక వాయిద్యాలు హోరెత్తాయి. కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు ఈలలేసి గేలి చేశారు. కోపం కరెంటు గిటార్ మీదనా, సరిగా వినపడని మైకుల మీదనా అని ఇప్పటికీ వాదులాడుకుంటూనే ఉన్నారు. మూడు పాటలకే డిలాన్ దిగిపోయాడు. కాసేపటికి మామూలు చెక్క గిటార్‌తో తిరిగొచ్చి రెండు పాటలు పాడి వెళ్లిపోయాడు.

రాక్ సంగీతం మలుపు తిరిగిన రాత్రిగా దాన్ని పుస్తకాలు రాసుకున్నాయి. ఆ గిటార్ ఏమైందని మాత్రం చాలా ఏళ్ల దాకా ఎవరూ అడగలేదు.

విమానంలో మరిచిన సామాను

ఆ రోజుల్లో డిలాన్ వ్యవహారాలన్నీ చూసే మేనేజరు ఆల్బర్ట్ గ్రాస్‌మన్. ఆయన కళాకారులను ఊరూరా చేరవేసే చిన్న విమానానికి ఒక పైలట్ ఉండేవాడు. ఏదో ప్రయాణంలో పాటగాళ్లు దిగిపోయారు, గిటార్ మాత్రం విమానంలోనే ఉండిపోయింది. మేనేజరు ఆఫీసుకు కబురు పెట్టినా తీసుకుపోవడానికి ఎవరూ రాలేదన్నది పైలట్ కుటుంబం చెప్పే మాట. పైలట్ 1977లో చనిపోయాడు. గిటార్ పెట్టెతో సహా ఇంటి అటక మీద దుమ్ము పట్టింది.

ఏళ్లు గడిచాయి. డిలాన్ ప్రపంచ ప్రఖ్యాతుడయ్యాడు. నాన్న తెచ్చిన గిటార్ ఏమిటో తేల్చుకోవాలని పైలట్ కూతురు పాత వస్తువుల చరిత్రను తవ్వి తీసే ఒక టీవీ కార్యక్రమాన్ని ఆశ్రయించింది. పీబీఎస్ చానల్లో వచ్చిన ‘హిస్టరీ డిటెక్టివ్స్’ అది. ఆ ఎపిసోడ్ 2012లో ప్రసారమైంది.

ఇంతవరకూ విన్నదంతా కథే. నమ్మబుద్ధేసే కథే. కానీ పాత వస్తువుల బజారులో ఇంతకంటే గొప్ప కథలు రోజూ వినిపిస్తాయి. నిపుణుడి పని కథ విన్న తర్వాత మొదలవుతుంది.

మూడు ప్రశ్నలు

తేల్చాల్సింది పైకి ఒక్క ప్రశ్నలా కనిపిస్తుంది గానీ నిజానికి మూడు. ఈ గిటార్ 1965 జులైకి ముందు తయారైందేనా? ఇది డిలాన్ దగ్గర ఉన్నదేనా? ఉన్నా, ఆ రాత్రి ఆయన చేతిలో మోగింది ఇదేనా? ఒకదానికి అవునంటే రెండోదానికి అవునన్నట్టు కాదు. డిలాన్ దగ్గర ఒకటి కాదు, చాలా స్ట్రాటోకాస్టర్లు ఉండేవి.

గిటార్‌ను ఆండీ బాబియక్ ముందు పెట్టారు. బీటిల్స్ వాడిన వాయిద్యాల మీద పెద్ద పుస్తకం రాసిన మనిషి ఆయన. ముందు స్క్రూలు విప్పాడు. ఆ కాలపు ఫెండర్ గిటార్లకు నంబరు వెనక వైపు చిన్న లోహపు పలక మీద ఉంటుంది. నాలుగు స్క్రూలు తీస్తే ఆ పలక ఊడి వస్తుంది, ఇంకో గిటార్‌కు బిగుసుకుపోతుంది. అందుకే నంబరును ఒంటరి సాక్షిగా నమ్మరు. విడిభాగాలన్నీ కలిసి ఒకే మాట చెప్పాలి. చెప్పాయి. తయారైన ఏడాది 1964. మొదటి ప్రశ్న గట్టెక్కింది.

రెండో ప్రశ్నకు జవాబు పెట్టె దగ్గర దొరికింది. దాని మీద ‘యాషెస్ అండ్ శాండ్’ అన్న పేరు అచ్చు వేసి ఉంది. అది అప్పట్లో డిలాన్ సొంత కంపెనీ. పెట్టెలో టైపు చేసినవీ చేత్తో రాసినవీ పాటల కాగితాలు కొన్ని దొరికాయి. డిలాన్ రాతప్రతులు బాగా ఎరిగిన జెఫ్ గోల్డ్ వాటిని చూసి డిలాన్‌వేనన్నాడు. అయినా జాగ్రత్తపరుడు ఇక్కడ ఒక్క క్షణం ఆగుతాడు. పెట్టె డిలాన్‌దైతే లోపలి గిటార్ కూడా డిలాన్‌దే కావాలని ఏముంది? పెట్టెలు మారతాయి, గిటార్లు మారతాయి.

మిగిలింది మూడోది, అసలైనది.

చెక్క నోరు విప్పింది

న్యూపోర్ట్ వేదిక దగ్గర ఆ రాత్రి ఫొటోగ్రాఫర్లు ఉన్నారు. కొన్ని రంగుల ఫొటోలు దగ్గర్నుంచి తీసినవి. డిలాన్ ఎడమచేతి వేళ్లు, వాటి కింద గిటార్ మెడ మీది పలక స్పష్టంగా పడ్డాయి. ఆ పలక రోజ్‌వుడ్, అంటే మన జిట్రేగి జాతి చెక్క. ముదురు గోధుమ రంగులో లేత చారలు పరుగు తీస్తుంటాయి. ఆ చారలను చెట్టు గీస్తుంది, ఫ్యాక్టరీ కాదు. ఒకే దుంగలోంచి కోసిన రెండు పలకలకు కూడా అవి అచ్చంగా కలవవు.

ఒకే పడుగు మీద ఎనిమిది చీరలు నేసే నారాయణపేట మగ్గాల దగ్గర ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. కొన్నవాళ్లకు ఎనిమిదీ ఒకటే. నేసినవాళ్లకు మాత్రం ఎక్కడ పోగు తెగి అతికారో, ఏ చీరలో అంచు రవ్వంత బిగిసిందో తెలుసు.

బాబియక్ ఫొటోను పెద్దది చేసి అటక మీది గిటార్ పక్కన పెట్టాడు. ఫలానా మెట్టు పక్కన మొదలైన చార ఫలానా చుక్క దగ్గర ఒంపు తిరిగిందా? తిరిగింది. పక్క గడిలో? అక్కడా కుదిరింది. ఒక చార కలిస్తే కాకతాళీయం అనుకోవచ్చు. గడి తర్వాత గడి కలుస్తూ పోయాక ఆయనకు సందేహం మిగల్లేదు. ఇది ఆ రాత్రి మోగిన గిటారే.

కాదన్నవాడు డిలాన్ లాయరే

ఇక్కడ కథ అడ్డం తిరిగింది. న్యూపోర్ట్‌లో వాయించిన స్ట్రాటోకాస్టర్ డిలాన్ దగ్గరే ఉందని ఆయన తరఫు లాయరు ప్రకటించాడు. సొంతదారు తరఫు మాటే కాదంటుంటే చెక్క చారల మాట చెల్లుతుందా?

చెల్లింది. నలభై ఏడేళ్ల కిందట ఏ గిటార్ ఎక్కడ వదిలేశామన్నది ఎంతటివాడి జ్ఞాపకానికైనా జారిపోవచ్చు. ఫొటోలో పడిన చార మాత్రం జారదు. 2013లో ఇరుపక్షాలూ రాజీకి వచ్చాయి. అదే ఏడాది డిసెంబరు 6న న్యూయార్క్‌లోని క్రిస్టీస్ వేలంలో ఆ గిటార్ 9,65,000 డాలర్లు పలికింది. వేలంలో గిటార్‌కు అప్పటిదాకా పలికిన ధరలన్నిటికంటే అది ఎక్కువని అప్పట్లో చెప్పుకున్నారు.

తర్వాత బాబియక్ చేతికే ఇంకో గిటార్ వచ్చింది. 1963 క్రిస్మస్ కచేరీల తర్వాత బీటిల్స్ బృందంలోని జాన్ లెనన్ పోగొట్టుకున్న గిబ్సన్ అది. పాత ఫొటోల్లోని చెక్క చారలూ గీతలూ దాని సంగతీ తేల్చాయి. 2015 నవంబరులో 24 లక్షల డాలర్లకు పైగా ధర వచ్చింది.

దీనికి ఎదురు ఉదాహరణ చాలా ఇళ్లలోనే ఉంటుంది. తాతల నాటి వయొలిన్ లోపల ‘స్ట్రాడివారియస్’ అన్న కాగితం కనపడగానే కోట్లు కళ్ల ముందు మెదులుతాయి. జర్మనీ, బొహీమియా కార్ఖానాలు ఆ లేబుల్ అంటించి లెక్కలేనన్ని చవక వయొలిన్లు ప్రపంచం మీదికి వదిలాయి. లేబుల్ నిపుణుడు చివర చూసేది, మొదట కాదు.

మరి దామరగిద్దలో?

నారాయణపేట జిల్లాలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గర్లో దామరగిద్ద ఉంది. ఆ ఊరి దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ ప్రకటించారు. ఆయన వాయించేది బుర్రవీణ. వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్ర, లోహపు తీగలు. మూడు తరాలుగా ఆ ఇంట్లో మోగుతున్న వాయిద్యం. తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు పాడుతూ దాన్ని నిలబెట్టిన ఆఖరి వాద్యకారుడని పురస్కారం వేళ చెప్పుకున్నారు.

యాభై ఏళ్ల తర్వాత ఎవరో ఒక పాత బుర్రవీణ పట్టుకొచ్చి ఇది కొండప్పదేనంటే, ఎలా తేలుస్తాం? దీనికి కంపెనీ లేదు, నంబరు లేదు, రసీదు లేదు. బుర్ర పగిలితే కొత్త బుర్ర కడతారు, తీగ తెగితే కొత్త తీగ లాగుతారు. ఏ భాగం ఎప్పటిదో చెప్పేవాళ్లు రేపు ఉండరు. నాగర్‌కర్నూల్ జిల్లాలో పన్నెండు మెట్ల కిన్నెరతో పద్మశ్రీ అందుకున్న మొగిలయ్య వాయిద్యానికీ ఇదే చిక్కు.

కానీ డిలాన్ గిటార్‌ను గెలిపించింది కంపెనీ నంబరు కాదు. చెట్టు గీసిన చార, దాన్ని పట్టిన ఫొటో. వెదురుకూ కణుపులున్నాయి. ఏ రెండు బొంగుల్లోనూ కణుపుకీ కణుపుకీ మధ్య దూరం ఒకటి కాదు. సొరబుర్ర మీది మచ్చలు, నెర్రెలు, వేళ్లు రుద్దుకుని నున్నబడిన చోట్లు దేనికదే. సాక్ష్యం మన వాయిద్యాల మీదా పుష్కలంగా ఉంది. లేనిది పక్కన పెట్టి పోల్చుకునే ఫొటోనే.

వేదిక మీద సన్మానం ఫొటోలు ఇందుకు పనికిరావు. వాటిలో శాలువా కనిపిస్తుంది, వీణ కనిపించదు. పగటి వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి, ముందూ వెనకా దగ్గర్నుంచి తీయాలి. కణుపుల దూరాలు సెంటీమీటర్లలో రాసుకోవాలి. మోగుతుండగా రికార్డు చేయాలి. బుర్ర ఎప్పుడు మార్చారో, తీగ ఎవరు లాగారో ఆ కళాకారుడి నోటితోనే చెప్పించి తేదీ వేయాలి. జిల్లా గ్రంథాలయంలో ఒక ప్రతి, కుటుంబం దగ్గర ఒక ప్రతి ఉంటే చాలు. ఊళ్లో బడి పంతులు ఒక్క పూటలో, చేతిలోని ఫోన్‌తో చేయగల పని ఇది.

వాయిద్యానికి ధర లేనంత కాలం నకిలీ పుట్టదు. ధర వచ్చాక నకిలీ ఆగదు. అసలును గుర్తుపట్టే సాక్ష్యం ఆ రెంటి నడుమ ఉన్న కాలంలోనే సిద్ధం చేసుకోవాలి. దామరగిద్దకు ఆ కాలం ఇప్పుడే నడుస్తోంది.