రాస్ దీవిలో ఒక పూట

అండమాను దీవుల ముఖ్యపట్టణమున, అబర్డీను రేవులో ప్రొద్దుట మరపడవ నెక్కినవారు గడియసేపు గడవకమునుపే ఎదుటనున్న చిన్న దీవిని చేరుదురు. కొబ్బరిచెట్లు, నీడనిచ్చు మహావృక్షములు, మనుష్యులను చూచి బెదరని చుక్కల జింకలు, నెమళ్లు, రాళ్లపై విరుగు నీలి కెరటములు—ఒక పూట సేదదీరుటకు ఇంతకంటె ఏమి వలయును? చిరకాలము రాస్ దీవి యనబడిన ఈ స్థలమునకు 2018 డిసెంబరు 30న నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపమను పేరు వచ్చినది. పోర్టు బ్లెయిరు సైతము 2024లో శ్రీవిజయపురమైనది. ఈ ప్రసంగము పూర్వకథ గావున పాత పేర్లనే వాడుచున్నాను.

దీవి వైశాల్యము ఒక చదరపు కిలోమీటరైనను లేదు. రెండు మూడు గంటలలో చుట్టి రావచ్చును. కాని విహారమునకు వచ్చినవారు తాము దాటిన ఆ సన్నని నీటిపాయను గూర్చియు కొంత తెలిసికొనుట మేలు. ఒకనాడు అది దొరలకు కోటచుట్టు అగడ్త. ఖైదీలకు చెరసాల గోడ.

1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ ఈ ప్రాంతమున ఒక వలస నెలకొల్పెను. రోగముల బాధ కోర్వలేక 1796లో ఆంగ్లేయులు దీవులను విడిచిపోయిరి. 1857 తిరుగుబాటు అణగిన పిమ్మట, పట్టుబడినవారిని దూరదేశమున ఉంచవలసిన అవసరము వారికి మరల కలిగెను. 1858 మార్చి 10న డాక్టరు జేమ్స్ పాటిసన్ వాకర్ 200 మంది ఖైదీలతో ఓడ దిగెను. మొదట చాథమ్ దీవిలో విడిసిరి; అచట నీటికొరత. అంతట రాస్ దీవి ముఖ్యస్థావరమైనది. రేవు ముఖద్వారముననున్న ఈ దీవినుండి వచ్చిపోవు ఓడలన్నియు కనబడును. నలువైపుల సముద్రమే కావలి. ఇచటి అడవి నరికి నేల చదును చేసినవారు ఆ ఖైదీలే.

ఆ సంవత్సరము ఏప్రిలులోనే సుమారు 90 మంది ఖైదీలు తెప్పలు కట్టుకొని ఈ నీటిపాయను దాటి పారిపోయిరి. ఆవలి అడవిలో ఆకలికి, ఆదివాసుల బాణములకు పెక్కురు బలియైరి. దూధనాథ్ తివారీ యను నొకడు మాత్రము గాయపడియు బ్రదికి, ఏడాదికి పైగా అండమానీయులతో కలిసి జీవించెను. పారిపోయి తిరిగి పట్టుబడిన ఖైదీలలో ఎనుబదిమందికి పైగా వాకరు ఉరితీయించెను. 1859లో అండమానీయులు తమ నేలకొరకు అబర్డీనుపై దాడికి సిద్ధపడగా, ఆ వార్తను ముందుగా ఆంగ్లేయులకు చేరవేసినవాడు ఆ తివారీయే. విల్లంబులు తుపాకులకు ఎదురు నిలువలేకపోయెను. 1863లో ఈ రాస్ దీవిలోనే అండమానీయులను మచ్చిక చేసికొనుటకు ఒక ఆశ్రయగృహము పెట్టిరి. యుద్ధమునకంటె క్రొత్త రోగములే వారిని ఎక్కువగా హరించెను. వేలసంఖ్యలోనుండిన ఆ జాతివారు నేడు కొలదిమందియే మిగిలిరి.

ఆ పునాదులమీదనే దొరల వైభోగము లేచినది. చీఫ్ కమీషనరు భవనము, చర్చి, రొట్టెలబట్టీ, అచ్చుకూటము, టెన్నిసు మైదానము, ఈతకొలను, ఉప్పునీటిని మంచినీరుగా మార్చు యంత్రము—అన్నియు ఇచట వెలసెను. దీనిని తూర్పుదేశపు పారిస్ అని కూడ చెప్పుకొనిరి. ఎదుటి ఒడ్డున 1896 నుండి 1906 వరకు సెల్యులార్ జైలు నిర్మాణము సాగినది. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాము మల్లుదొర, కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి ద్వీపాంతరవాసమునకు వచ్చిన తెలుగువారు. మల్లుదొర 1952లో లోక్‌సభ సభ్యుడయ్యెను.

అగడ్తను నమ్మినవారిని అది కడవరకు కాపాడలేదు. 1872 ఫిబ్రవరి 8న, వైస్రాయి మేయో ప్రభువు స్థావరములను చూచి, రేవునకు ఆవలనున్న హోప్ టౌనులో చీకటివేళ పడవ నెక్కబోవుచుండగా, షేర్ అలీ యను ఖైదీ ఆయనను కత్తితో పొడిచి చంపెను. 1941 జూన్ 26న వచ్చిన భూకంపము రాస్ దీవి భవనములను బీటలు వార్చెను. 1942 మార్చి 23న జపానుసేన అండమానులను ఆక్రమించెను. 1943 డిసెంబరు 30న నేతాజీ పోర్టు బ్లెయిరులో జాతీయపతాకము నెగురవేసెను. అయినను అధికారము జపానువారి చేతిలోనే నిలిచినది. నెల తిరుగునంతలో, 1944 జనవరి 30న, గూఢచారులను అనుమానముపై 44 మంది భారతీయులను వారు కాల్చిచంపిరి. 1945లో ఆంగ్లేయులు మరలివచ్చిరి గాని రాస్ దీవిని మరల రాజధానిగా చేసికొనలేదు.

నేడు చర్చిగోడలను, భవనముల మొండిగోడలను మర్రిజాతి చెట్ల వేళ్లు గట్టిగా చుట్టుకొని పట్టియున్నవి. ఆ వేళ్లను త్రెంచినచో గోడ కూలును. ఉంచినచో నెమ్మదిగా దానిని చీల్చును. శ్మశానమున కొందరు దొరల పేర్లు చదువవచ్చును. ఆ గోడలు కట్టినవారి పేర్లు ఏ గోడమీదను లేవు.

విశాఖపట్టణమునుండి ఓడనెక్కి అండమాను చేరువారు ఈ దీవిని తప్పక చూడవలెను; చెట్లనీడన హాయిగా కూర్చుండవలెను. తిరుగుపడవలో ఎదుట సెల్యులార్ జైలు కనబడును. అప్పుడు నీటివంక ఒకసారి చూడుడు. మనము గడియలో దాటు ఆ పాయనే 1858లో కొందరు తెప్పలపై, ఆవలి ఒడ్డున ఏమున్నదో యెరుగక, ప్రాణములకు తెగించి దాటిరి.