జీపు కథ: బట్లర్ ఊరి నుంచి మజగావ్ దాకా

ముంబై తెలుగువాళ్ళ చరిత్ర అనగానే అందరూ కామాఠీపురా గురించో, బట్టల మిల్లుల గురించో రాస్తారు. నేను జీపు గురించి రాస్తున్నాను. మన దేశంలో జీపులు బిగించడం మొదలైంది ఇక్కడే, మజగావ్‌లో. కామాఠీపురా నుంచి అది పెద్ద దూరం కూడా కాదు. ఇంకో కారణం, మా తాత పన్నెండేళ్ళు జీపు డ్రైవరుగా పని చేశాడు.

జీపు పుట్టింది యుద్ధం కోసం. 1940లో జర్మనీ సైన్యం యూరప్‌లో ఒక్కో దేశాన్నీ ఆక్రమిస్తూ పోతుంటే అమెరికా సైన్యానికి కంగారు పుట్టింది. గుర్రాలూ సైడ్‌కారు మోటారు సైకిళ్ళూ ఇక పనికిరావని తెలిసింది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే చిన్న బండి కావాలని 135 కంపెనీలను అడిగారు. టెండరు వెయ్యడానికి 11 రోజులు, మొదటి బండి తయారు చేసి చూపడానికి 49 రోజులు మాత్రమే గడువు. అంత తక్కువ గడువులో చేస్తామని ఒప్పుకున్నది పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బట్లర్ అనే ఊళ్ళో ఉన్న బాంటమ్ కంపెనీ. అప్పటికే దాని పరిస్థితి బాగాలేదు, మూతపడే స్థితిలో ఉంది. కార్ల్ ప్రాబ్‌స్ట్ అనే ఇంజనీరును పిలిపిస్తే ఆయన కొద్ది రోజుల్లోనే నక్షా గీసేశాడు. 1940 సెప్టెంబరు 23న సాయంత్రం 5 గంటలకు గడువు అయిపోతుందనగా, అరగంట ముందు బండి మేరీలాండ్‌లోని సైనిక శిబిరానికి చేరింది.

తర్వాత జరిగింది చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. బాంటమ్ చిన్న కంపెనీ, వేల బండ్లు చెయ్యలేదని సైన్యం ఆ నక్షాలను విల్లీస్, ఫోర్డ్ కంపెనీలకు చూపించింది. విల్లీస్ ఇంజను 60 గుర్రాల బలం ఉన్నది, అది నిజంగానే అన్నిటికంటే మంచిది. పెద్ద ఆర్డరు వాళ్ళకే వెళ్ళింది. యుద్ధం ముగిసే లోపల విల్లీస్, ఫోర్డ్ కలిసి 6 లక్షలకు పైగా జీపులు చేశాయి. బాంటమ్ చేసినవి మూడు వేల లోపే. తర్వాత ఆ కంపెనీ జీపు వెనక తగిలించే ట్రెయిలర్లు చేసుకుంటూ గడిపింది. జీపును పుట్టించింది మేమే అని విల్లీస్ ప్రకటనలు వేసుకుంటే, అలా చెప్పుకోవడానికి వీల్లేదని 1948లో అమెరికా ప్రభుత్వ సంస్థ తీర్పు ఇచ్చింది. అయినా 1950లో జీపు అనే పేరు మీద హక్కు మాత్రం విల్లీస్‌కే దక్కింది!

ఇక మన దేశం. 1945 అక్టోబరు 2న జె.సి. మహీంద్రా, కె.సి. మహీంద్రా అన్నదమ్ములు, మాలిక్ గులామ్ మహమ్మద్ కలిసి మహీంద్రా అండ్ మహమ్మద్ అనే కంపెనీ పెట్టారు. మొదట ఉక్కు వ్యాపారమే. దేశ విభజన జరిగాక గులామ్ మహమ్మద్ పాకిస్తాన్ వెళ్ళి ఆ దేశానికి మొదటి ఆర్థిక మంత్రి అయ్యాడు, 1951లో గవర్నర్ జనరల్ కూడా అయ్యాడు. 1948లో ఇక్కడి కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. విభజన అనే పాఠం మనం సాంఘికశాస్త్రంలో చదువుతాం కదా, ఒక కంపెనీ బోర్డు మీద కూడా అది కనబడుతుంది. ఆ కంపెనీయే స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో అమెరికా నుంచి విల్లీస్ జీపుల భాగాలు ఓడల్లో తెప్పించి మజగావ్‌లో బిగించింది. తర్వాత తర్వాత భాగాలు కూడా ఇక్కడే తయారయ్యాయి. పోలీసులు, అడవి శాఖ, కరెంటు లైన్లవాళ్ళు, డ్యాముల కాంట్రాక్టర్లు అందరూ అవే వాడారు.

మా తాతది పాలమూరు జిల్లా. మట్టి పనికి వచ్చి, డ్రైవింగు నేర్చుకుని, ఒక కాంట్రాక్టరు దగ్గర జీపు డ్రైవరు అయ్యాడు. కొంకణ్ రైల్వే కడుతున్నప్పుడు రత్నగిరి జిల్లాలో ఉన్నాడు. రోహా నుంచి మంగుళూరు దగ్గర తోకూర్ దాకా 741 కిలోమీటర్ల లైను అది. 1990లో పని మొదలై 1998 జనవరిలో పూర్తిగా తెరిచారు. కొంకణ్‌లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన ఎలా పడుతుందో మనకు తెలుసు. ఎర్రమట్టి జారుతుంది, లారీలు తిరిగిన దారి అయితే బురద కుంటే.

మామూలు బండికి రెండు చక్రాలకే బలం వెళ్తుంది. పైగా ఇరుసు మధ్యలో డిఫరెన్షియల్ అనే పళ్ళచక్రాల పెట్టె ఉంటుంది. మలుపులో రెండు చక్రాలూ వేరు వేరు వేగంతో తిరగడానికి అది అవసరం. కానీ ఒక చక్రం బురదలో ఉంటే అదే ఊరికే గిర్రున తిరుగుతుంది, గట్టి నేల మీదున్న రెండో చక్రం కదలదు. జీపులో రెండో గేరు పెట్టె ఒకటి ఉంటుంది. దాని లివరు లాగితే ముందు ఇరుసుకు కూడా బలం వెళ్తుంది. ఇంకో స్థానంలో వేస్తే వేగం బాగా తగ్గి లాగే బలం పెరుగుతుంది. తారు రోడ్డెక్కాక మళ్ళీ రెండు చక్రాలకే మార్చెయ్యాలి. ఎందుకంటే మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరుగుతాయి. బురదలో అయితే టైరు కొంచెం జారి సర్దుకుంటుంది. పొడి రోడ్డు మీద జారదు కాబట్టి ఆ ఒత్తిడంతా గేర్ల మీద పడుతుంది.

తాత బండిలో ఎప్పుడూ ఉండేవి పార, మోకు, రెండు చెక్క పలకలు, గోనె సంచులు, గాలి పంపు, డీజిల్ డబ్బా. జాకీ మెత్తటి మట్టిలో దిగిపోతుంది కాబట్టి దాని కింద ఒక పలక పెట్టాలి. బురద దగ్గర టైర్లలో గాలి కొంచెం తీసేస్తే టైరు వెడల్పుగా పరుచుకుని పట్టు దొరుకుతుంది. రోడ్డు మీదికి రాగానే మళ్ళీ పంపు కొట్టాలి, లేకపోతే టైరు వేడెక్కి పాడవుతుంది. "స్టీరింగుల బొటనవేళ్ళు లోపల పెట్టొద్దు బిడ్డా, రాయి తాకితే చక్రం గిర్రున తిరిగి వేలు ఇరుగుతది" అంటాడు. వాగు వస్తే బండి ఆపి, కర్రతో లోతు చూసి, నడిచి దాటి వచ్చాకే బండి దింపేవాడట.

ఒక రాత్రి మాత్రం వాగు దగ్గర నడిచి చూసే టైము లేదు. సైటులో బండరాయి దొర్లి ఒక కూలీ కాలు నుజ్జయింది. ఆయన కూడా పాలమూరు వాడే. అంబులెన్స్ ఆ దారిలోకి రాలేదు. తాత ఆయన్ని వెనక సీటులో పడుకోబెట్టి బయల్దేరితే అర కిలోమీటరు పోకముందే బండి దిగబడింది. ముందొక చక్రం, వెనకొక చక్రం గాలిలో తిరిగినట్టు తిరుగుతున్నాయట. నాలుగు చక్రాల బండి కూడా అలా ఆగిపోతుందని నాకు అప్పుడే తెలిసింది. ఎక్సిలేటరు తొక్కితే ఇంకా లోతుకు పోతుందని తాత కిందికి దిగి పారతో చక్రాల ముందు మట్టి తీసి గోనెలు, పలకలు తోశాడు. సీట్లో ఉన్న మనిషి ఒకటే అరుపు. తర్వాత తక్కువ గేరులో మెల్లగా, ఆగకుండా పోనిచ్చాడు. "ఉరుకులాడితే ఇద్దరం ఆడ్నే ఉండేటోళ్ళం" అంటాడు. కాలు దక్కలేదు, ప్రాణం దక్కింది. తెల్లారి కాంట్రాక్టరు అడిగిన మొదటి మాట, బండికి ఏమైనా అయిందా అని.

ఆ కూలీ తర్వాత ఊరికి వెళ్ళి కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. మా పెద్దత్త పెళ్ళికి చంకలో కర్రతో వచ్చాడని మా నాన్న చెప్పాడు. ఆ జీపు ఏమైందని అడిగితే లైను పూర్తయ్యాక ఎవరికో అమ్మేశారని తాత అన్నాడు. దాని నంబరు మాత్రం ఇప్పటికీ తడుముకోకుండా చెప్తాడు.

మన స్కూల్లో చాలామంది ఇళ్ళలో డ్యాముల మీద, సొరంగాల్లో, రోడ్ల మీద పని చేసిన తాతలు, అమ్మమ్మలు ఉన్నారు. వాళ్ళు ఏ సంవత్సరంలో, ఏ పని మీద ఉన్నారో అడిగి నాకు రాసి ఇవ్వండి. 10వ తరగతి గదిలో కిటికీ పక్క బెంచీ నాది.