వరాళి చెప్పకూడదు

2025 జనవరి 19, తెల్లవారుజాము. వ్యాను బాగేపల్లి టోల్‌గేట్ దాటింది. నిన్న పొద్దుగూకే వేళ తిరువైయారులో బయలుదేరి తిరుచ్చి, సేలం, హోసూరు, బెంగళూరు మీదుగా అనంతపురానికి వస్తోంది. పిల్లలంతా ఒకరి మీద ఒకరు వాలి నిద్రపోతున్నారు.

కిటికీ పక్కన ఇంటర్ చదివే పాపకు మాత్రం కన్ను మూతపడలేదు. కావేరి ఒడ్డున, త్యాగరాజస్వామి సమాధి దగ్గర, ఆరాధనలో వందల గొంతులతో కలిసి పాడిన పంచరత్నాలు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి. నాట, గౌళ, ఆరభి, శ్రీ రాగాల్లోని నాలుగూ అనంతపురంలో టీచరమ్మ నేర్పినవే. వరాళి మాత్రం నేర్పలేదు. ఆ రాగాన్ని ఎదురుగా కూర్చోబెట్టి చెబితే గురుశిష్యులకు ఎడబాటు వస్తుందని తరతరాల నమ్మకం. వినే పట్టుకోవాలి. ఇంత దూరం వెళ్లడానికి సగం కారణం అదే.

పాప సన్నగా ఎత్తుకుంది. మధ్యమం దగ్గర జారింది. వరాళిలో అది మామూలు ప్రతిమధ్యమం కన్నా పైకి, పంచమానికి ఆనుకుని నిలవాలి. మళ్లీ పాడింది. మళ్లీ అక్కడే.

"మేడం, ఆడ తప్పుతోంది కదా?"

ముందు సీట్లోంచి జవాబు. "నన్నడగొద్దు పాపా. నేను చెప్పకూడదు."

"మళ్లీ ఏడు నాయన పంపిస్తాడో లేదో మేడం."

వాళ్ల నాయన శెనక్కాయ రైతు. టీచరమ్మ మాట్లాడలేదు.

ఆరాధనలో ఒకప్పుడు ఆడవాళ్లకు పాడే చోటే లేదు. పాడుబడ్డ సమాధిని బాగుచేయడానికి 1921లో పూనుకుని, సొంత సొమ్ముతో గుడి కట్టించిన బెంగళూరు నాగరత్నమ్మకే ఆ హక్కు దక్కలేదు. ఆమె ఆడవాళ్ల గోష్ఠి వేరుగా నిలబెట్టి ఏళ్ల తరబడి పోరాడాకే, 1940 ప్రాంతంలో అందరూ ఒక్కటై కూర్చున్నారు. నిన్న ఈ పాప కూర్చున్న చోటు ఆమె సంపాదించిపెట్టిందే. ఆ చోటును ఒక్కసారితో వదులుకోవాల్సి రావడం అన్యాయం.

కొడికొండ చెక్‌పోస్టు దాటేసరికి తూరుపు తెల్లబడింది. నిన్నంతా వరిమళ్లు, అరటితోటలు. ఇక్కడ గుండ్లకొండలు, శెనక్కాయ పెరికేసిన ఎర్రచేలు, అడుగు కనిపించే చెరువులు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల, అదీ పడితే.

పెనుకొండ కోట కనిపించగానే టీచరమ్మ వెనక్కి తిరిగింది.

"లేయండి, అందరూ లేయండి. వరాళి పాడదాం. ఇది పాఠం కాదు, గోష్ఠి."

గతంలో వచ్చి పట్టుకున్న అక్కలు ముగ్గురున్నారు. వాళ్లు ఎత్తుకున్నారు. టీచరమ్మ గొంతు వాళ్లలో కలిసింది. మధ్యమం వచ్చినప్పుడల్లా పాప నోరు మూసుకుని వింది. రెండోసారి తానూ కలిసింది. చెన్నేకొత్తపల్లి దాటినా పాట ఆగలేదు.

మరూరు టోల్‌గేట్ దగ్గర వ్యాను లైన్లో నిలబడింది. పాప ఒక్కతే మొదలుపెట్టింది. మధ్యమం నిలిచింది. తాళం వేస్తున్న టీచరమ్మ చెయ్యి ఎక్కడా ఆగలేదు.

రాప్తాడు దాటాక శ్రీరాగం అందుకున్నారు.