బోర్డు మీద ‘వైన్స్’... లోపల వైన్ ఏదీ?

ఈ వారం విషయం వింటే కొందరు నవ్వుతారు, కొందరు కోప్పడతారు. విషయం ఏంటంటే, ఎర్ర వైన్. అందులోనూ చలిదేశంలో పండిన ద్రాక్షతో చేసే ఎర్ర వైన్. మే నెలలో తారు రోడ్డు మెత్తబడిపోయే ఏలూరు వాడివి, నీకెందుకయ్యా ఈ గొడవ అంటారేమో. కారణం ఉంది. చివరిదాకా వింటే మీకే తెలుస్తుంది.

ముందు ఒక చిన్న సంగతి. మన ఊళ్ళల్లో మందు షాపుని ఏమంటాం? ‘వైన్స్’ అంటాం. ఏలూరులో అయినా, తాడేపల్లిగూడెంలో అయినా అదే మాట. లోపలికెళితే బ్రాందీ ఉంటుంది, విస్కీ ఉంటుంది, బీరుంటుంది. వైన్ అడిగితే మాత్రం మనవైపు ఎగాదిగా చూస్తాడు. వస్తువు లేకుండా దాని పేరు ఒక్కటే మనకి వచ్చి చేరింది. చరిత్ర చదివేవాడికి ఇలాంటివే కావాలండీ. పేరు మిగిలి వస్తువు లేదంటే, ఆ మధ్యలో ఏదో కథ ఉన్నట్టే.

మూడేళ్ళ కిందట సంక్రాంతికి మా మేనకోడలు న్యూజిలాండ్ నుంచి వచ్చింది. వాళ్ళుండేది దక్షిణ ద్వీపంలో. వస్తూ వస్తూ ఒక సీసా తెచ్చింది. పీనో న్వార్ అని ఎర్ర ద్రాక్ష వైన్. తాడేపల్లిగూడెంలో మా అక్కావాళ్ళ డాబా మీద కూర్చుని మూత తీశాం. నేనేమనుకున్నానంటే, చిక్కగా, తియ్యగా, దగ్గు మందులాగా ఉంటుందనుకున్నాను. గ్లాసులో పోస్తే రంగే పల్చగా ఉంది. అవతలి పక్క చెయ్యి కనపడుతోంది. నోట్లో పోసుకుంటే పులుపు. నాకు నచ్చలేదు. ‘ఇంత దూరం మోసుకొచ్చింది దీనికా?’ అన్నాను.

పక్కన మా మావయ్య ఉన్నాడు. అమ్మ తమ్ముడు. అప్పటికి డెబ్భై ఎనిమిదేళ్ళు. కైకలూరు, ఆకివీడు మధ్య కొల్లేటి గట్టు పల్లెలో ముప్ఫై ఏళ్ళు తాడి చెట్లెక్కిన మనిషి. ఒక గుక్క తీసుకుని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: ‘దీనికి ఎండ దెబ్బ తగల్లేదురా అల్లుడూ. పులుపు నిలబడింది. మంచు దిగిన రాత్రి తెల్లారగట్ల దించిన కల్లు ఇలాగే ఉంటుంది, గొంతులో బరువుండదు.’

మా మేనకోడలు ఆశ్చర్యపోయింది. ‘తాతయ్యా, అక్కడ వైన్ చేసేవాళ్ళు కూడా ఇదే చెప్తారు’ అంది. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్రపట్టలేదండీ. ఎందుకో తర్వాత చెప్తాను. ముందు మావయ్య చెప్పిన దాంట్లో నిజం ఎంతో చూద్దాం.

ద్రాక్షకాయ పండేటప్పుడు లోపల రెండు పనులు జరుగుతాయి. తీపి పెరుగుతుంది, పులుపు తగ్గుతుంది. ఎండ ఎక్కువైతే తీపి గబగబా ఎక్కుతుంది, పులుపు గబగబా కరిగిపోతుంది. ముఖ్యంగా మాలిక్ ఆమ్లం, అంటే పచ్చి యాపిల్లో ఉండే పులుపు, వేడికి నిలవదు. తీపి ఎక్కువైతే పులిశాక ఆల్కహాల్ కూడా ఎక్కువ. అందుకే వేడిదేశపు ఎర్ర వైన్ చిక్కగా, ఘాటుగా, ఉడికిన పండు రుచితో ఉంటుంది. చలిదేశంలో రాత్రి చల్లగా ఉంటుంది కాబట్టి కాయ నిదానంగా పండుతుంది. తీపి హద్దులో ఉంటుంది, పులుపు మిగులుతుంది, వాసన సున్నితంగా నిలబడుతుంది. పీనో న్వార్ తోలు పల్చన, అందుకే రంగూ పల్చన. కొన్ని చలి ప్రాంతాల సిరా ద్రాక్షలో అయితే మిరియం వాసన వస్తుంది. మిరియంలో ఉండే పదార్థమే ఆ ద్రాక్ష తోలులోనూ ఉంటుంది.

ఈ వైన్ మొదటి గుక్కలో మెప్పించదు. అన్నంతో, కూరతో కలిపి తాగితే తెలుస్తుంది. ఆ రోజు కొరమేను పులుసు వచ్చాక అదే సీసా నాకు వేరే వైన్‌లా అనిపించింది. పులుసు పులుపుకి ఇది ఎదురు నిలబడింది. తియ్యటి వైన్ అయితే అక్కడ చతికిలపడేది.

సరే, ఇప్పుడు చరిత్రలోకి వద్దాం. ఇదంతా తెల్లవాళ్ళ సంగతి, మనకేం సంబంధం అనుకోవద్దు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడి గురించి ఒక అధ్యాయం ఉంది. అంటే ఇప్పటి ఎక్సైజ్ శాఖ అనుకోండి. అందులో ద్రాక్షరసంతో చేసే మద్యాన్ని ‘మధు’ అన్నారు. దానికి పేర్లు ఊరిని బట్టి వస్తాయని చెప్పి, కాపిశాయనం, హారహూరకం అని రెండు పేర్లిచ్చారు. కాపిశి అంటే ఇప్పటి అఫ్ఘనిస్తాన్‌లో బెగ్రామ్ ప్రాంతం. హిందూకుష్ కొండల పక్కన, చలి చోటు. బర్గండీ, బోర్డో అని ఊరి పేరుతో వైన్‌ని పిలవడం ఫ్రాన్సు వాళ్ళ సొత్తనుకుంటాం. ఆ అలవాటు మన దేశంలో ఎప్పటి నుంచో ఉంది.

తర్వాత రోమన్ వర్తకం. క్రీస్తుశకం ఒకటో శతాబ్దపు పెరిప్లస్ అనే గ్రీకు నావికుల పుస్తకంలో, భరుకచ్ఛం రేవుకి ఇటలీ, లవొదికియా, అరేబియా వైన్లు దిగుమతయ్యేవని ఉంది. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ తవ్వితే వైన్ తెచ్చిన మట్టి జాడీల ముక్కలు దొరికాయి. మన తీరాన్ని పెరిప్లస్ మసాలియా అంది, ఇక్కడి సన్నటి బట్ట గురించి రాసింది. టాలెమీ అయితే సలకెనోయి అనే జనాన్ని, వాళ్ళ బెనగౌరోన్ అనే ఊరిని చెప్పాడు. శాలంకాయనులు, వేంగి అని చరిత్రకారులు గుర్తిస్తారు. అంటే ఏలూరు పక్కనున్న మన పెదవేగే. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు స్తంభం మీద ఒక గడ్డపు మనిషి చేతిలో కొమ్ము పాత్ర పట్టుకుని ఉంటాడు. గ్రీకుల వైన్ దేవుడు డయొనైసస్ పోలికలు ఉన్నాయంటారు. వేంగి రాజు వైన్ తాగాడని దీన్నిబట్టి నేను చెప్పను. ఆ సరుకూ, ఆ బొమ్మా మన కృష్ణా లోయకి తెలియనివి కావు, అంతవరకే.

తర్వాత గోల్కొండ రోజులు. కుతుబ్‌షాహీలకీ పర్షియాకీ దగ్గర సంబంధం. బందరు రేవు నుంచి పర్షియాకి ఓడలు వెళ్ళేవి. ఆ కాలంలో పేరున్న వైన్ షిరాజ్ వైన్. షిరాజ్ సముద్రమట్టానికి సుమారు 1,500 మీటర్ల ఎత్తులో ఉంది, రాత్రిళ్ళు చల్లన. ఇక్కడొక అపోహ కూడా తీర్చేస్తాను. ఇప్పుడు సీసాల మీద కనపడే షిరాజ్ ద్రాక్ష ఆ ఊరి నుంచి వచ్చింది కాదు. ఫ్రాన్సు ఆగ్నేయ భాగంలో రెండు స్థానిక రకాలు కలిసి పుట్టినదని 1990ల చివర్లో డీఎన్ఏ పరీక్షల్లో తేలింది.

అదే పదిహేడో శతాబ్దంలో గోల్కొండ రాజ్యానికొచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే కల్లు గురించి కూడా రాశాడు. నగరానికి రోజూ బయటి నుంచి తోలు తిత్తుల్లో, గుర్రాల మీద కల్లు వచ్చేదట. దాని మీద రాజుకి పన్ను. రోజూ ఎందుకు రావాలి? అసలు కిటుకు ఇక్కడే ఉందండీ. కల్లు నిలవుండదు. గెల కోసిన చోట కారిన నీరు లొట్టిలో పడుతుండగానే పులవడం మొదలవుతుంది. పొద్దున తియ్యన, మధ్యాహ్నానికి ఘాటు, మర్నాటికి పులుపు, ఆ తర్వాత వెనిగర్. ద్రాక్షకీ చలి మేలు చేస్తుంది, కల్లుకీ చేస్తుంది, కానీ దారి వేరు. ద్రాక్షలో చలి పండటాన్ని నిదానం చేస్తుంది. కల్లులో పులవడాన్ని నిదానం చేస్తుంది. ఆల్కహాల్ కూడా వైన్లో సుమారు పదమూడు శాతం ఉంటే, కల్లులో నాలుగైదు శాతం.

వైన్ నిలవుంటుంది, ప్రయాణం చేస్తుంది. కాబట్టి దానికి పేరుంది, వర్తకుడున్నాడు, చరిత్ర రాసేవాడున్నాడు. బర్గండీలో సిస్టర్షియన్ సన్యాసులు క్లో ద వూజో తోట చుట్టూ గోడ కట్టుకున్నారు. 1395లో అక్కడి డ్యూక్ ఫిలిప్, గమే అనే రకాన్ని పీకేయండి, పీనో మాత్రమే ఉంచండి అని శాసనమిచ్చాడు. ప్రభుత్వం జోక్యం చేసుకుంది, కానీ ఆ రుచిని కాపాడటానికి.

మరి మన దగ్గర ప్రభుత్వం ఏం చేసింది? 1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం. చెట్టు మీద పన్ను, షాపుకి వేలం పాట. రుచి గురించి ఒక్క మాట లేదు. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతా మద్యనిషేధం. మా తాతని ఆ రోజుల్లో రెండుసార్లు పట్టుకెళ్ళారు. తెలిసిన పని అదొక్కటే మరి. 1953లో ఆంధ్రరాష్ట్రం వచ్చాక కూడా నిషేధం అలాగే ఉంది. గౌతు లచ్చన్నగారు గీత కార్మికుల పక్షాన నిలబడ్డారు. ఈ గొడవ మీదే 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం అవిశ్వాసంలో పడిపోయింది. మన మొదటి ప్రభుత్వం కూలింది కల్లు మీద! నిషేధం తీసింది 1969లో.

ఆ తర్వాత కల్లుని తోసేసి సారా వచ్చింది, పాకెట్లలో. నిలవుంటుంది, లారీ ఎక్కుతుంది, లెక్కకి దొరుకుతుంది. ప్రభుత్వానికి అదే అనుకూలం. అది ఎన్ని కొంపలు తీసిందో నాకు తెలుసు. మా పెదనాన్న దానికే పోయాడు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు 1992లో లేచి నిలబడితే, 1993లో సారా ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం, 1997లో సడలింపు. ఆ తర్వాత వీధివీధికీ ‘వైన్స్’ బోర్డులు. లోపల సీసాల్లో ఉన్నది చాలావరకు చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిట్. ఎండా, చలీ, ఊరూ ఏదీ దానికి లేదు. తాగేవాడు రుచి కోసం తాగడు, ఎక్కడం కోసం తాగుతాడు.

నేను మందుని సమర్థించటం లేదండీ. పెదనాన్న శవం దగ్గర కూర్చున్న వాడిని, ఆ పని చెయ్యలేను. కల్లు అయినా అతిగా తాగితే ఇల్లు గుల్లే. నా బాధ వేరు.

ఏలూరులో చదువుకునే రోజుల్లో మా తాత నన్ను చూడ్డానికి బడికి వచ్చాడు. క్లాసులో ఒకడు ‘కల్లు కంపు’ అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన మా పాలేరు అని చెప్పాను నేను. తాత విన్నాడు. ఏమీ అనకుండా తెచ్చిన ముంజెలు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆయన బడికి రాలేదు.

ఆ తాత దగ్గరే మావయ్య ఆ మాటలన్నీ నేర్చుకున్నాడు. ఏ చెట్టు కల్లు లేత, ఏది ముదురు, ఉప్పునేల చెట్టుకి రుచి ఎలా మారుతుంది, మబ్బు పడితే ఏమవుతుంది. ఇవే మాటలు ఒక ఫ్రెంచి రైతు అంటే పుస్తకాలు వేస్తారు, డిగ్రీలిస్తారు. మా తాత అంటే కంపు అన్నారు. అవునన్న వాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ రాత్రి డాబా మీద నిద్రపట్టనిది అందుకే.

మరి కొల్లేటి గట్టున పీనో న్వార్ వెయ్యమంటారా అని అడిగితే, వద్దంటాను. ఈ తేమకి తెగుళ్ళు పడతాయి, ఈ వేడికి పులుపు నిలవదు. ఆ పంట ఆ చలిదే. మనకి తాడి ఉంది. తాడేపల్లిగూడెం పక్కనే వెంకట్రామన్నగూడెంలో 2007 నుంచి ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. దాని కిందే పందిరిమామిడిలో తాడి మీద పరిశోధన జరుగుతోంది. పులవకుండా నీరా తియ్యటం, బెల్లం వండటం నేర్పుతున్నారు. మంచిదే. నాదొక్కటే కోరిక, ఆ పనిలో పాత గీత కార్మికుల మాటలు కూడా రాసి పెట్టాలి. చెట్టెక్కే వాళ్ళు తగ్గిపోతున్నారు. మావయ్యకి ఇప్పుడు ఎనభై ఒకటి. నేను ఫోన్లో రికార్డు చెయ్యటం మొదలుపెట్టాను. ఇప్పటికి పదకొండు గంటలు వచ్చింది.

మీ ఇంట్లో అలాంటి పెద్దవాళ్ళు ఉంటే, వాళ్ళ పక్కన ఒక సాయంత్రం కూర్చోండి. అడగండి, చెప్తారు. వచ్చే వారం తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే కథతో కలుద్దాం. ఉంటానండీ, సెలవు.