గంజాయి పూత తొందర వెనక

గంజాయిని త్వరగా పూయించడం ఈనాటి విత్తన వ్యాపారుల ఘనతగా చెప్పుకుంటారు. నా లెక్కలో అందులో పెద్ద వాటా ఉత్తరాది చలిది, అక్కడి రైతులది. గంజాయి మామూలుగా రాత్రి నిడివి పెరిగితే గాని పూయదు. 1912 ప్రాంతంలో పారిస్‌లో జూలియన్ టూర్నువా అనే వృక్షశాస్త్రజ్ఞుడు రోజుకు ఆరు గంటలే వెలుతురు తగలనిచ్చి లేత మొక్కలనే పూయించాడు. మన ఉత్తర కోస్తాలో ఆలస్యంగా విత్తిన గోగు పొట్టిగా ఉండగానే పూతకొచ్చి నార తగ్గిపోయేదీ ఈ గుణం వల్లే. టూర్నువా 1914 యుద్ధంలో పోయాడు. 1920లో పొగాకు, సోయాల మీద ఇదే సూత్రాన్ని నిలబెట్టిన అమెరికా శాస్త్రజ్ఞులు గార్నర్, అల్లార్డ్‌లకే పేరు దక్కింది, పాపం!

రష్యా ఉత్తరాన పగలు కుదించుకునే దాకా ఆగిన మొక్క గింజ కట్టకముందే మంచుకు మాడిపోతుంది. ముందు పండినదే మరుసటి ఏటికి విత్తనం. 1990లలో ఫిన్లండ్‌లో తయారైన ఫినోలా అనే గింజ రకానికి మూలం, రష్యాలో విత్తనాలను దాచి ఉంచే వావిలోవ్ సంస్థ భద్రపరిచిన ఉత్తర రష్యా విత్తనాలే. మరి శాస్త్రజ్ఞుడు చేసిందేమీ లేదా అంటే, ఉంది. పగటి నిడివితో పనిలేకుండా పూసే గుణం చాలావరకు అంతర్గత లక్షణం. మామూలు రకంతో సంకరపరిస్తే తొలి తరంలో దాగిపోతుంది, రెండో తరంలో సుమారు నాలుగో వంతు మొక్కల్లోనే బయటపడుతుంది. వాటిని ఓపికగా ఏరి నిలబెట్టడం అతని పనే. కానీ ఏరడానికి ఆ గుణమంటూ ముందు ఉండాలి కదా. ఇంత మేలైనదైతే అందరూ ఎందుకు పట్టుకోలేదంటారా? నార రైతుకు ఈ తొందర నష్టం. పూత మొదలయ్యాక కాండం ఎదుగుదల మందగిస్తుంది, అతనికి కావలసింది పొడవాటి కాండం.