ప్రార్థనకు చోటు ఎవరిస్తారు?

ఈ వారం ఎపిసోడ్ డ్యూటీలో ఉండి విననివాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నా.

శుక్రవారం ఏషియన్ టౌన్‌లో మనవాళ్లు అన్ని మతాలవాళ్లూ కనిపిస్తారు. ఒకరు జుమ్మా నమాజు చేసుకుని, ఒకరు మెసైమీర్ చర్చికి పోయి, ఇంకొకరు రూంలో మంచం పక్కనున్న వెంకన్న పటానికి దండం పెట్టుకుని వస్తారు. ముగ్గురికీ దొరికిన చోటు ఒకటి కాదు. ఎందుకు? అమెరికా కథ పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

1789లో అమెరికా మొదటి కాంగ్రెస్, సభలో ప్రార్థన చేయడానికి జీతమిచ్చి పాదిరీలను పెట్టుకుంది. అదే ఏడాది, ప్రభుత్వం ఏ మతాన్నీ తనదిగా నిలబెట్టకూడదు, ఎవరి ఆరాధననూ ఆపకూడదు అనే సవరణనూ ప్రతిపాదించింది. 1791లో అది రాజ్యాంగంలో చేరింది. ఈ రెంటికీ పొత్తు కుదురుతుందా? ఆ పంచాయితీ ఇంకా తెగలేదు. సర్కారు బడిలో ప్రభుత్వం రాసిచ్చిన ప్రార్థన కుదరదని 1962లో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టసభలో మాత్రం పాత ఆనవాయితీ కాబట్టి ఉండొచ్చని 1983లో అంది.

మరి హిందూ పూజారికి ఆ సభలో వంతు ఎప్పుడొచ్చింది? 2000 సెప్టెంబర్ 14న, వాజ్‌పేయి ప్రసంగించిన రోజు. ఒహాయోలోని పార్మా శివవిష్ణు ఆలయ పూజారి వెంకటాచలపతి ప్రతినిధుల సభలో ప్రార్థించారు. సవరణ వచ్చిన 209 ఏళ్లకు! 2007 జులైలో సెనేట్‌లో రాజన్ జెడ్ ప్రార్థిస్తుంటే గ్యాలరీలోంచి ముగ్గురు అరిచారు. వాళ్లను అరెస్టు చేశారు, ఆయన ప్రార్థన పూర్తిచేశారు.

ఇక ఖతర్. ఇక్కడి రాజ్యాంగం 50వ అధికరణం చట్టానికి, శాంతిభద్రతలకు లోబడి అందరికీ ఆరాధన స్వేచ్ఛ ఇస్తుంది. అప్పటి అమీర్ షేక్ హమద్ ఇచ్చిన స్థలంలో 2008 మార్చిలో మొదటి చర్చి తెరిచారు. బయట శిలువ కనిపించదు. హిందువులకు బహిరంగ గుడి లేదు, పూజ రూంలోనే. ఇస్లాం కాకుండా వేరే మతం ప్రచారం చేస్తే నేరం, ఇది మాత్రం గుర్తుంచుకోండి.

నాకు అర్థమైంది ఇది: అమెరికాలో మనవాళ్లు పౌరులయ్యారు, ఓటు ఉంది, గుళ్లు కట్టుకున్నారు, అందుకే సభలో వంతు అడగగలిగారు. మనం కాంట్రాక్టు మీద వచ్చినవాళ్లం. ఇక్కడి పాలకులు ఇచ్చినంతే మనకు చోటు.

కానీ రూం మన చేతిలో ఉంది. ఒకరు తెల్లారకముందే నమాజుకు లేస్తారు, ఒకరు రాత్రి బైబిలు చదువుతారు, ఒకరు శనివారం ఒక్కపొద్దు ఉంటారు. అక్కడ పక్కవాడి ప్రార్థనకు చోటిచ్చేది ఏ రాజ్యాంగమూ కాదు, మనమే.

మీ రూంలో ఎలా సర్దుకుంటున్నారో వాయిస్ మెసేజ్ పెట్టండి. వచ్చే వారం వినిపిస్తా.